మత్స్యవినోదం – కుందేటి గాలం

చాలా రోజుల తరువాత మళ్ళీ వ్రాస్తున్నాను. ఈ ఆలస్యానికి కారణం ఒక ప్రశ్న. దానికి సమాధానం రెండు రోజులలో చెబుతానని మాట ఇచ్చి, రెండు నెలలు పుస్తకాలు తిరగవేస్తూ కూర్చున్నాను.

ఆ ప్రశ్న అడిగినవాడు నా పూర్వవిద్యార్థి. కోయిలకుంట్లలో నా దగ్గర తెలుగు చదువుకున్నాడు. ఇప్పుడు ఓడల మీద ఉద్యోగం. ఒక సాయంకాలం ఫోను చేసి, "ఏం సార్, బాగుండారా?" అని పలకరించి, సెలవులలో తాను సీషెల్స్ దేశంలోని ఆల్ఫాన్స్ అనే పగడపు దీవిలో వారం రోజులు గడిపిన వైనం చెప్పాడు. పొద్దున్నే పడవలో బయలుదేరడం, మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడడం, ఈకలు కట్టిన గాలం విసరడం, చేప పడితే చేతిలోకి తీసుకొని ఒక్క క్షణం చూసి మళ్ళీ నీళ్ళలో వదలిపెట్టడం. వారమంతా ఇదేనట.

"అన్ని చేపలు పట్టినాం గదా సార్, ఒక్కటి గూడ తినలేదు" అన్నాడు.

"మరి ఎందుకురా అబ్బీ పట్టడం?" అన్నాను.

అతడు నవ్వి, "అదే సార్ నేనూ మిమ్మల్ని అడగాలనుకుంటి. ఈ ఆటను తెలుగులో ఏమంటారు?" అన్నాడు.

భాషాప్రవీణులమని చెప్పుకునేవాళ్ళం ఇటువంటి చోట మౌనం వహించరాదు గదా! "చూసి చెబుతాను" అన్నాను. చూసినదంతా ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ ఆట స్వరూపం చెప్పాలి. సముద్రంలో పుట్టిన అగ్నిపర్వతం చుట్టూ అంచున పగడాలు పెరుగుతాయి. కొండ మెల్లమెల్లగా క్రుంగిపోతుంది, పగడాలు మాత్రం పైపైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి కొండ మునిగిపోయి, నడుమ ఉప్పునీటి మడుగు, చుట్టూ పగడపు వలయం మిగులుతాయి. ఈ సిద్ధాంతాన్ని డార్విన్ 1842లో ప్రకటించాడు. మన లక్షద్వీపాలలోనూ ఇటువంటి వలయాలున్నవి. ఆ వలయాల లోపలి ఇసుకమేటల మీదికి సముద్రపు పోటుతో పాటు వెండిరంగు చేపలు గుంపులుగా మేతకు వస్తాయి. వాటిలో ఒకదాన్ని ఇంగ్లీషువారు బోన్‌ఫిష్ అంటారు. ఒళ్ళంతా సన్నని ముళ్ళు గనుక ఆ పేరు. గాలానికి తగిలిన వెంటనే అది లోతు నీటివైపు తీసే పరుగు కోసమే మనుషులు అంత దూరం పోతారట. దానికన్నా బలమైన పెద్ద చేప ఇంకొకటి ఉన్నది, జైంట్ ట్రెవల్లీ. అది నీటి మీద ఎగిరే పక్షిని ఎగిరి పట్టుకోవడం 2017లో బి.బి.సి. వారు చిత్రించి ప్రపంచానికి చూపించారు. అదీ సీషెల్స్ నీళ్ళలోనే.

ఇక ఆ గాలం. మనకు తెలిసిన గాలంలో ఎర బరువు, సీసపు గుండు బరువు దారాన్ని ముందుకు తీసుకుపోతాయి. ఈ ఆటలో ఎర బదులు ఈకతోనో వెంట్రుకలతోనో కట్టిన రొయ్యపిల్ల బొమ్మ ఉంటుంది. దానికి బరువే లేదు. అందుచేత దారాన్నే బరువుగా చేసి, గెడతో గాలిలో వెనుకకూ ముందుకూ ఆడించి, ఆ దారపు ఊపుతో ఈకను చేప ముందు వాలేటట్లు చేస్తారు. ఇది కొత్త విద్య కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమను రచయిత, మాసిడోనియాలోని ఒక నదిలో జనం గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టడాన్ని వర్ణించాడు.

విద్య ఎంత పాతదైతేనేమి, పేరు కావాలి గదా. సంస్కృతంలో గాలానికి బడిశమని పేరు. తెలుగులో గాలం, గేలం, ఎర, బెండు, గెడ అని పనిముట్లకన్నిటికీ పేర్లున్నవి. ఆటకు మాత్రం నాకు పేరు తట్టలేదు. పైగా మన నుడికారం చూడండి: "గాలం వేశాడు" అంటే మోసానికి దిగాడని, "ఎర చూపాడు" అంటే ఆశపెట్టి ముంచబోతున్నాడని అర్థం. వైరాగ్యగ్రంథాలలోనూ అంతే. ఇంద్రియాల వల్ల చెడిన అయిదు ప్రాణులను చెబుతూ, శబ్దానికి లేడిని, స్పర్శకు ఏనుగును, రూపానికి మిడుతను, గంధానికి తుమ్మెదను, రుచికి చేపను ఉదాహరిస్తారు. చేపవైపు నుండి చూసిన సాహిత్యమే మనకు ఎక్కువ. గెడ పట్టుకున్నవాడి వైపు నుండి చూసినది ఒక్కటైనా ఉన్నదా అని వెదకగా మానసోల్లాసం దొరికింది.

కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు, భూలోకమల్ల బిరుదాంకితుడు, 1126 నుండి 1138 దాకా రాజ్యం చేశాడు. ఆయన 1129 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన విజ్ఞానసర్వస్వం మానసోల్లాసం. దీనికే అభిలషితార్థచింతామణి అని మరొక పేరు. ఇరవై అధ్యాయాల చొప్పున అయిదు వింశతులు, మొత్తం నూరు అధ్యాయాలు. రాజ్యం సంపాదించడం మొదలుకొని వంటకాల దాకా, ఏనుగుల నుండి నాట్యం దాకా అందులో లేనిది లేదు. బరోడా గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో 1925 మొదలు 1961 దాకా మూడు సంపుటాలుగా అచ్చయినది.

ఈ రాజు మనకు పరాయివాడు కాడు. కల్యాణి అంటే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణ్. ఆ వంశపు ఏలుబడి తుంగభద్ర దాటి మన సీమకూ వ్యాపించింది. కర్నూలుకు ఆవలి ఒడ్డున ఉన్న ఆలంపురంలో కల్యాణి చాళుక్యుల శాసనాలున్నవి. కాబట్టి ఆయన పుస్తకంలోని నదీమీనాలను తలచుకున్నప్పుడు తుంగభద్ర నా కళ్ళ ముందు మెదలడం అత్యాశ కాదనుకుంటాను.

ఆ గ్రంథంలోని నాలుగవ వింశతి పేరు వినోదవింశతి. రాజుకు తగిన ఇరవై వినోదాలు అందులో వరుసగా ఉన్నవి: శస్త్రవిద్య, శాస్త్రచర్చ, గజం, తురగం, మల్లయుద్ధం, కోడిపందెం, పొట్టేళ్ళ పందెం, పావురాలు, కుక్కలు, డేగవేట ఇత్యాదులు. డేగవేటకూ మృగయకూ నడుమ పదునాలుగవది మత్స్యవినోదం. నా శిష్యుడి ప్రశ్నకు మొదటి సమాధానం దొరికినట్లే. తొమ్మిది వందల ఏళ్ళ నాడే ఈ ఆటకు ఒక చక్రవర్తి పేరు పెట్టి పోయాడు.

మత్స్యవినోదంలో 35 రకాల దాకా చేపల ప్రస్తావన ఉన్నది. సముద్రంలోనివి, నదులలోనివి, పొలుసులున్నవి, లేనివి, పెద్దవి, నడిమివి, చిన్నవి అని విభాగాలున్నవి. అటు పడమటి తీరానికీ ఇటు తూర్పు తీరానికీ దూరంగా ఉన్న కల్యాణిలో కూర్చున్న రాజుకు ఉప్పునీటి చేపల మీద ఇంత పట్టు ఉండడం ఆశ్చర్యమే. తరువాత మేత సంగతి. ఏ చేపకు ఏది ఇష్టమో తెలుసుకొని అన్నపు ముద్దలు, పిండిముద్దలు, మాంసపు ముక్కలు నీటిలో వేసి ముందుగా మరపాలి. చేపలు ఆ చోటికి అలవాటుపడి బలిసిన తరువాత రాజు వచ్చి గెడ పట్టాలి.

ఈ అధ్యాయాన్ని ఆధునిక లోకానికి ఎరుకపరచినవాడు సుందర్‌లాల్ హోరా. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా పనిచేసిన మత్స్యశాస్త్రవేత్త. 1951లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దీని మీద వ్యాసం ప్రకటించాడు. తరువాత మన సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషను పత్రికలో 2005లో నళినీ సాధలే, వై.ఎల్. నెనే గార్లు మానసోల్లాసంలోని చేపలను గురించి వ్రాశారు. ఇంగ్లీషులో గాలపు వేట మీద అచ్చయిన తొలి గ్రంథం 1496 నాటిది. జూలియానా బెర్నర్స్ అనే సన్న్యాసిని పేర చలామణీ అవుతున్నది. ఐజాక్ వాల్టన్ ప్రసిద్ధ గ్రంథం 1653 నాటిది. మన రాజు మొదటిదాని కన్నా మూడున్నర శతాబ్దాలకు పైగా పెద్దవాడు.

ఈ లెక్క వేసుకొని కొంతసేపు గర్వపడిన మాట నిజం. కాని మత్స్యవినోదం రెండవసారి చదివినప్పుడు మనస్సులో ముల్లు గుచ్చుకున్నది. మేత వేసి, నమ్మకం కలిగించి, ఆ నమ్మకం మీద గాలం వేయడం. ఆకలికి కాదు, వినోదానికి. మన నుడికారంలో గాలం మోసానికి పర్యాయపదం ఎందుకయినదో అప్పుడు బోధపడింది.

సరిగ్గా ఆ శతాబ్దంలోనే, ఆ రాజ్యానికి దక్షిణాన, మరొక గ్రంథం పుట్టింది. చోళ చక్రవర్తి రెండవ కులోత్తుంగుడి కాలంలో శేక్కిళారు తమిళంలో పెరియపురాణం రచించాడు. అరువత్తుమువ్వురు నాయనార్ల కథలు అవి. అందులో అతిపత్త నాయనారు నాగపట్టణపు చేపలవాడు. వలలో పడ్డవాటిలో ఒక చేపను శివునికని ప్రతిదినం సముద్రంలోకి వదలిపెట్టడం ఆయన నియమం. కొన్నాళ్ళకు వలలో ఒక్క చేపే పడసాగింది. ఉన్న ఒక్కదాన్నీ వదలిపెట్టి ఇంటిల్లిపాదీ పస్తున్నారు. చివరికి ఒకనాడు రత్నాలు పొదిగిన బంగారు చేప పడింది. దానినీ వదలివేశాడు.

పురాణకథను చరిత్రగా తీసుకొమ్మని నేను చెప్పడం లేదు. కాని ఆ కథను అల్లుకున్న సమాజానికి, చేపను పట్టి వదలడమంటే ఏమిటో తెలుసు. ఒకే శతాబ్దంలో ఒకచోట కడుపు నిండిన రాజు వినోదం కోసం పట్టాడు, మరొకచోట ఆకలిగొన్నవాడు భక్తి కోసం వదిలాడు. ఆల్ఫాన్స్ దీవిలోని ఆటలో ఈ రెండూ కలిసి ఉన్నవి. అందుకే దానికి రాజుగారి పేరు ఒక్కటే చాలదనిపించింది.

ఇప్పుడు తుంగభద్ర దగ్గరికి వస్తాను. ఆ నది మీద పుట్టి వేసుకొని తిరిగేవాళ్ళ చరిత్ర చాలా పాతది. వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రని బుట్టపడవలను 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ చూసి వ్రాసిపెట్టాడు. మూడు వందల ఏళ్ళ తరువాత అదే నదికి ఇంగ్లీషువారు గెడలు పట్టుకొని వచ్చారు. వారిలో ఇద్దరిని మనం గుర్తుపెట్టుకోవాలి.

మొదటివాడు ఫ్రాన్సిస్ డే, మద్రాసు సైన్యంలో వైద్యుడు. తరువాతి కాలంలో హిందూదేశపు మత్స్యశాఖకు ఇన్స్పెక్టరు జనరలయ్యాడు. 1875 – 78 మధ్య వెలువడిన ఆయన భారతీయ మత్స్యగ్రంథం నేటికీ ప్రామాణికం. 1868లో ఆయన మహాసీరు జాతికి చెందిన ఒక చేపను లోకానికి కొత్తగా వర్ణించాడు. అది దొరికినది కర్నూలు దగ్గర తుంగభద్రలో. మహాసీరు అంటే పెద్ద పెద్ద పొలుసుల నదీమీనం, ఎదురీతలో దాన్ని మించినది లేదు.

రెండవవాడు హెన్రీ సల్లివన్ థామస్, మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి. 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" వ్రాశాడు. ఇంగ్లీషు దొరలకు సాల్మన్ చేప అంటే ఎంత మోజో తెలిసినదే గదా. బలంలో మహాసీరు దానికి తీసిపోదు సరికదా మించినదని వాదించాడు. 1887లో మన చెరువులలో గాలం వేయడం మీద ప్రత్యేకంగా మరొక పుస్తకం వ్రాశాడు. కేవలం వేటగాడే అయితే ఆయనను గురించి ఇంత వ్రాయనక్కరలేదు. సన్నకన్ను వలలతో పిల్లచేపలను ఊడ్చివేయడం, మడుగులలో విషం కలపడం చూసి, ఇది బీదల ఆహారం నాశనం కావడమేనని ప్రభుత్వానికి నివేదించిన తొలి అధికారులలో ఆయన ఒకడు. డే కూడా అదే మాట చెప్పాడు. ఆనకట్టలు చేపల రాకపోకలకు అడ్డమవుతున్నవని కూడా ఆ కాలంలోనే చర్చ జరిగింది. ఈ శ్రమ ఫలితమే 1897 నాటి మత్స్యచట్టం. మందుగుండుతోనూ విషంతోనూ చేపలు పట్టడం దానితో నేరమయినది. వల కన్ను ఎంత ఉండాలో నియమాలు చేసే అధికారం స్థానిక ప్రభుత్వాలకు వచ్చింది.

అయితే ఆ దొరతనమే మరొక పనీ చేసింది. 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, లండను మదుపుదార్ల డబ్బుతో, కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టింది. అక్కడి నుండి కడప దాకా కాలువ తవ్వింది. అదే కె.సి. కెనాల్. పడవలు కూడా నడపాలని ఉద్దేశించిన ఆ కాలువ కంపెనీకి గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. వరదలో ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే చేపకు, పైకి పోయే దారిలో గోడ అడ్డమయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 1953లో హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాము, ఆ తరువాత దిగువన కృష్ణ మీద శ్రీశైలం డ్యాము వచ్చాయి. నదికి రెండువైపులా తలుపులు పడ్డాయి.

నేను ఆనకట్టలను నిందించడం లేదు. కుందూ లోయలో ఆ కాలువ నీటితో పండిన వరి అన్నం తిని పెరిగినవాణ్ణి. 1876 – 78 నాటి కరవులో ఈ సీమ ఎంత నలిగినదో పెద్దల నోట విన్నవాణ్ణి. అన్నానికీ చేపకూ తగవు పెట్టడం నా ఉద్దేశం కాదు. దొరలకు గ్రంథాలున్నవి గనుక మహాసీరు చరిత్ర మిగిలింది. అదే నీటిలో పొట్ట కోసం గాలం వేసినవాళ్ళకు గ్రంథాలు లేవు. వాళ్ళకు తెలిసినది ఎవరు వ్రాసిపెట్టారు? ఈ ప్రశ్న నన్ను నా సొంత తరగతి గదిలోకి తీసుకుపోయింది. రెండు నెలల ఆలస్యానికి అసలు కారణం అదే.

కుందేరు మా ఊరికి దాపున పారే నది. ఓర్వకల్లు ప్రాంతంలో పుట్టి, నంద్యాల మీదుగా వచ్చి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పండితులు దానిని కుముద్వతి అంటారు. ఊళ్ళో అందరూ కుందూ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980వ దశకంలో, నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు వారానికి రెండు మూడు రోజులు బడికి వచ్చేవాడు కాడు. తండ్రితో కుందూకు చేపలకు పోయేవాడు. ఒకనాడు ఆలస్యంగా వచ్చాడు. చేతులకు నీచువాసన. నేను అప్పుడు పర్యాయపదాలు చెబుతున్నాను. "చేపలు పట్టేవాడివి గదా, చేపకు పర్యాయపదాలు చెప్పు" అన్నాను. మీనం, మత్స్యం దాటి వాడికి రాలేదు. ఝషం, విసారం, పృథురోమం అని నేను వల్లించి బెంచీ ఎక్కించాను.

వాడు బెంచీ మీద నుండి, ఎదురు చెప్పాలని కాదు, తనకు తెలిసినది చెప్పాలని, "మాకు వేరే పేర్లుండాయి సార్" అన్నాడు. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, పక్కె... ఇంకా ఏవో చెప్పాడు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు వాడు, "కొర్రమీను పిల్లల్ను కాపలా కాస్తాది సార్. ఆ పొద్దు గాలమేస్తే ఆకలికి గాదు, కోపానికి కర్సుకుంటాది. అప్పుడు పట్టగూడదంటాడు మా నాయన. తల్లి పోతే పిల్లలన్నీ పోతాయంట" అన్నాడు.

నేను "చాలు, కూర్చో" కూడా అనలేదు. గంట కొట్టేదాకా నిలబెట్టాను. మరికొన్నాళ్ళకు వాడు బడి మానేశాడు. పొట్టకూటికే మానేశాడేమో, ఆ ఒక్కరోజుకే కాదేమో అని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

థామస్ దొర వందలాది పుటలలో ప్రభుత్వానికి నచ్చజెప్ప ప్రయత్నించిన సూత్రం, పిల్లలు పెరిగేదాకా తల్లిని ముట్టకూడదన్నది, ఆ పిల్లవాడు నాలుగు వాక్యాలలో చెప్పాడు. చేప ఆకలి లేకున్నా కరుస్తుందన్నది గాలగాళ్ళకు ఎంత విలువైన తెలివిడో ఈ రెండు నెలలలో చదివి తెలుసుకున్నాను. నేను ఆనాడు విని ఉంటే ముప్పై పైచిలుకు ఏళ్ళ ముందే తెలిసేది. వాడు చెప్పిన పేర్లలో ఎనిమిదే నాకు జ్ఞాపకమున్నవి. "ఇంకా ఏవో" అని పైన వ్రాశానే, ఆ రెండు మాటలు వ్రాయడానికి నాకు ఎంత సిగ్గు వేసిందో!

ఈకగాలం దొరల సొత్తు కాదనడానికి మరొక సాక్ష్యం మన దేశంలోనే ఉన్నది. లక్షద్వీపాలలో దక్షిణపు కొసన ఉన్న మినికాయ్ కూడా పగడపు వలయమే. అక్కడివారు మాల్దీవుల వారి వలెనే గెడ, దారాలతో చూర చేపను పడతారు. వారి గాలానికి వెనుకముల్లు ఉండదు. ఎర ఉండదు. ఈకలు కట్టి ఉంటాయి. ముందుగా బతికిన చిన్నచేపలను నీళ్ళలోకి విసిరి చూరల గుంపును పడవ దగ్గరికి రప్పిస్తారు. పైన నీళ్ళు చిలకరిస్తారు. మేత వెర్రిలో ఉన్న చూర ఈకను కరవగానే గెడ ఎత్తి వెనుకకు విసిరితే చేప దానంతట అదే ఊడి పడవలో పడుతుంది. పట్టిన చేపను ఉడికించి, పొగపెట్టి, ఎండబెడతారు. ఆ ఎండుచేప మాల్దీవుల నుండి మన దేశానికి ఎగుమతి అయ్యేదని 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా వ్రాశాడు.

చూశారా! సోమేశ్వరుడి మేత ఇక్కడ ఉన్నది. ఈలియన్ చెప్పిన ఈక ఇక్కడ ఉన్నది. ఆల్ఫాన్స్ దీవిలో చేపకు గాయం తగ్గాలని వాడే వెనుకముల్లు లేని గాలమూ ఇక్కడ ఉన్నది. కాకపోతే ఇక్కడ అది చేప మీద దయతో కాదు, చేప త్వరగా ఊడి రావాలని. ఒకే పనిముట్టు ఒకరికి వినోదం, ఒకరికి బ్రతుకు. విద్య మాత్రం ఒక్కటే. వినోదించినవాడు గ్రంథం వ్రాశాడు, బ్రతుకు కోసం పట్టినవాడు కొడుకుకు చెప్పి పోయాడు. కొడుకు చెప్పబోతే మావంటి పంతుళ్ళం బెంచీ ఎక్కించాం.

ఇక నా శిష్యుడికి చెప్పిన సమాధానం. "ఒరే అబ్బీ, గెడ పట్టుకొని వినోదించడానికి మత్స్యవినోదమని రాజుగారు పెట్టిన పేరు ఉన్నది. కాని మీరు ఆడిన ఆటకు, పట్టి వదిలే ఆటకు, మన తెలుగులోనే చక్కని మాట ఉన్నది. పట్టువిడుపు" అన్నాను. దారం బిగించడం, సడలించడం. చేపను పట్టడం, విడవడం. రెండూ ఆ మాటలో ఇమిడి ఉన్నవి. అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు మాకు పట్టే నేర్పించినారు గాని విడుపు నేర్పలేదు సార్" అని నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం బెంచీ మీద పిల్లవాడు కనిపించాడు.

మిత్రులారా, ఇంతటితో ముగిస్తాను. నేనొక నోటుపుస్తకం కొన్నాను. కుందూ ఒడ్డున ఇంకా గాలం వేసే ముసలివారు ఒకరిద్దరున్నారు. సాయంకాలం నడకకు అటువైపే పోతున్నాను. వాళ్ళు చెప్పిన చేపపేరు, అది ఏ నెలలో కనబడుతుంది, దానికి ఏ ఎర వేస్తారు, ఎప్పుడు పట్టకూడదంటారు అని నాలుగు గళ్ళు గీసుకొని వ్రాసుకుంటున్నాను. మొదటి గడిలో కొర్రమీను అని వ్రాసి, నాలుగవ గడిలో ఆ పిల్లవాడి మాటలు వ్రాశాను. వాడిది ఇప్పుడు యాభై ఏళ్ళ వయస్సు ఉంటుంది. ఎక్కడున్నాడో కనుక్కొనే ప్రయత్నంలో ఉన్నాను.

మీలో తుంగభద్ర, కృష్ణ, పెన్న, గోదావరి, చిత్రావతి, నాగావళి, ఏ నీటి ఒడ్డున పెరిగినవారైనా సరే, మీ ఊరి చేపల పేర్లు, మీ పెద్దలు చెప్పిన "పట్టగూడని పొద్దు"లు వ్యాఖ్యలలో వ్రాయండి. అక్షరదోషాలకు జంకవద్దు. ఈసారి నేను ఎవరినీ బెంచీ ఎక్కించను.